పలకని గడి

మా అన్నగారు పోయిన తరువాత ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఆపరేషనుకు ముందే నేను ఆయన గొంతును ఒక పెట్టెలోకి ఎక్కించి ఉంచాననీ, దాని మీద వేలు పెడితే పోయిన మనిషి భార్యను పిలుస్తాడనీ ఆ మాట సారాంశం. పరామర్శకు వచ్చినవారిలో కొందరు నన్ను వసారా చివరకు తీసుకువెళ్ళి, ఒక్కసారి వినిపించమని రహస్యంగా అడిగారు. ఆ పెట్టె ఎన్నడూ ఎవరినీ పిలవలేదు. జరిగినదాన్ని ఒక క్రమంలో చెప్పకపోతే జరగనిదే స్థిరపడుతుంది. పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్స్ బోధించి ఉద్యోగం విరమించినవాణ్ణి. ప్రయోగం ముగిశాక దాన్ని వ్రాసిపెట్టనివాడు ప్రయోగశాలలో అడుగు పెట్టరాదని విద్యార్థులను మందలించినవాణ్ణి. ఆ నియమం నాకూ వర్తిస్తుంది కనుక వ్రాస్తున్నాను.

మా అన్నగారు తణుకుకు దగ్గరలోని మా సొంత ఊళ్ళోనే ఉండి వరీ చెరకూ పండించారు. కాలవకు ఇవతల గట్టున నిలబడి, అవతలి చేలో ట్రాక్టరు నడుపుతున్నవాణ్ణి ఆపగలిగిన గొంతు ఆయనది. ఆ గొంతుకు ఇంట్లోనూ బయటా ఒకటే స్థాయి. మా వదినగారు పెరట్లో ఉన్నా, పొరుగింట్లో ఉన్నా, ఆయన వీధి అరుగు మీద కూర్చుని "ఏమేవ్" అంటే చాలు, చేతిలో ఉన్న పని అక్కడే వదిలి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి "ఏంటండీ" అనేవారు. వారికి పిల్లలు లేరు. ఆ ఇంట్లో రోజంతా వినిపించిన మాటలు చాలాకాలంగా ఆ రెండే. తక్కినవన్నీ వాటి వెనక వచ్చేవి.

చుట్ట ఆయనకు చిన్ననాటి అలవాటు. గొంతు బొంగురుపోయినప్పుడు జలుబన్నారు; మింగడం కష్టమైనప్పుడు నేను ఉంటున్న రాజమండ్రికి రప్పించి పెద్ద డాక్టరుకు చూపించాను. స్వరపేటికను తీసివేయక తప్పదనీ, ఆ తరువాత మెడ దగ్గర చేసే రంధ్రం గుండా ఊపిరి ఆడుతుందనీ, మాట మాత్రం ఇక రాదనీ ఆయన స్పష్టంగా చెప్పారు. ఇంటికి వచ్చాక నేను కాగితం మీద బొమ్మ గీసి, ఏది తీసివేస్తారో, ఏది మిగులుతుందో అన్నగారికి వివరించాను. రేడియోలో వాతావరణ వార్త విన్నట్టు విన్నారు.

"డాక్టర్లు అలాగే అంటారురా. నెలకో రెణ్ణెల్లకో కాస్త బొంగురుగానైనా వస్తుందిలే" అన్నారు.

రాదని నాకు తెలుసు. అందుచేత ఆ లోపల ఏదో ఒక ఏర్పాటు చేయవలసి ఉంది. పలక మీద వ్రాసి చూపించవచ్చు గాని, మా వదినగారికి చదువు రాదు. మంచం పక్కన పెట్టుకుని కొట్టే గంట ఒకటి కొని తెచ్చాను. అన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గంట కొట్టి పిలవడానికి అదేమన్నా పనిమనిషా అని తిరిగి నా చేతిలో పెట్టారు. అప్పుడు నా బల్ల సొరుగులో ఉన్న చిన్న కంప్యూటరు బోర్డు గుర్తుకు వచ్చింది. పేకముక్క అంత ఉంటుంది. అభిరుచి కొద్దీ ప్రయోగాలు చేసుకునేవారు వాడే రకం. దానికి తెర ఉండదు, మీటలు ఉండవు. విరమించిన తరువాత కాలక్షేపానికి కొన్నాను. దానికి ఒక చిన్న టచ్ స్క్రీనూ స్పీకరూ తగిలించి, స్క్రీను మీద గడులు గీసి, ఒక్కో గడికి ఒక్కో మాటను ముందే అన్నగారి గొంతుతో రికార్డు చేసి పెడితే, ఆపరేషను తరువాత ఆయన వేలితో నొక్కినప్పుడు ఆయన గొంతే పలుకుతుందని నా ఆలోచన.

తెరను ఎంచుకోవడంలో కొంత జాగ్రత్త పడ్డాను. పొలం పనిలో రాయిలా గట్టిపడిన వేళ్ళను మన ఫోను తెరలు ఒక్కోసారి గుర్తించవు. అందుకని ఒత్తిడిని బట్టి పనిచేసే రకం తెప్పించాను. దాన్ని గోటితో నొక్కినా వింటుంది. అరచేతి కన్నా కాస్త పెద్దది. దాని వెనక ఉన్న రంధ్రాల వరుస బోర్డు మీది పిన్నుల వరుసలో కూర్చోవాలి. కళ్ళు మునుపటిలా లేవు కనుక భూతద్దం పెట్టుకుని, ఒక్క పిన్ను కూడా వంగకుండా కూర్చోబెట్టాను. మంచం పక్కన బిగించేటప్పుడు కరెంటు తీగ పైనుంచి రావాలి కాబట్టి తెరను తలకిందులుగా బిగించి, బొమ్మను ప్రోగ్రాములో తిప్పాను. బొమ్మ తిరిగింది గాని స్పర్శ తిరగలేదు. పై వరుసలో నొక్కితే కింది వరుస పలికింది. ఇటువంటప్పుడు తెర నాలుగు మూలలా కూడిక గుర్తులు చూపించి, వాటిని వరుసగా తాకమని అడిగే ఒక ప్రోగ్రాము ఉంటుంది. తాకిన చోటుకూ చూపిన చోటుకూ ఉన్న తేడాను అది సరిచేసుకుంటుంది. అలా సరిచేసిన తరువాత ఎక్కడ నొక్కితే అక్కడే పలికింది. నొక్కినట్టు తెలియడానికి ప్రతి గడికీ ముందు టిక్కుమని చిన్న శబ్దం వచ్చేటట్టు పెట్టాను. టిక్కు, ఆ తరువాత మాట.

గడులు పన్నెండు, మూడు వరుసలు, నాలుగు నిలువులు. ఏ గడిలో ఏ మాట ఉండాలో ఆలోచించి, చక్కగా టైపు చేయించి, ఆ కాగితం పట్టుకుని మా ఊరు వెళ్ళాను. అన్నగారిని అరుగు మీద కూర్చోబెట్టి, మైకు ముందు పెట్టి చదవమన్నాను. మొదటి వాక్యం 'దాహంగా ఉంది, దయచేసి మంచినీళ్ళు ఇవ్వండి' అని. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, నా వైపు చూశారు.

"ఒరేయ్, ఇది మనింట్లో నీళ్ళడగడమా, కలెక్టరుగారికి అర్జీ పెట్టుకోవడమా?"

తలుపు చాటున మా వదినగారు నవ్వు ఆపుకుంటున్నారు. యంత్రంలో పెట్టే మాట నలుగురూ వినేదనీ, నర్సు రావచ్చు, డాక్టరు రావచ్చు, అందరికీ సరిపోయే విధంగా ఉండాలనీ నేను చెప్పాను. చదువుకున్న తమ్ముడి మాటకు అడ్డు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు. నొప్పిగా ఉందండీ, ఫ్యాను తగ్గించండీ, కాస్త లేపి కూర్చోబెట్టండీ అని బడిపిల్లవాడు పద్యం అప్పగించినట్టు వరుసగా చదివేశారు. గొంతు అప్పటికే జీరపోయింది. అయినా అది ఆయన గొంతే.

పన్నెండో గడి దగ్గర కాగితం మీద నేను ఏమీ వ్రాయలేదు. అక్కడ వదినను పిలవాలి, మామూలుగా ఎలా పిలుస్తావో అలా పిలువు అన్నాను. ఆయన మైకు వైపు చూశారు. తలుపు వైపు చూశారు. వదినగారు అప్పటికి వంటింట్లోకి వెళ్ళారు. పోపు వాసన వస్తూ ఉంది.

"ఇప్పుడు దాంతో పనేముంది?" అన్నారు.

"పని లేదు అన్నయ్యా. ఊరికే రికార్డు కోసం."

"ఊరికే ఎలా పిలుస్తానురా? పిలిస్తే వచ్చేస్తుంది. పొయ్యి మీద పోపు మాడిపోతుంది. వచ్చి ఏంటండీ అంటే నేనేం చెప్పను, ఏం లేదు పో అననా?"

ఆమెను ముందుగా హెచ్చరించి వస్తానన్నాను. తెలిసి ఉంటే అది పిలుపు కాదన్నారు. కొంతసేపు నచ్చజెప్పాను. పని లేకుండా మనిషిని పిలవడం మంచిది కాదనీ, ఆసుపత్రి నుంచి వచ్చాక చూసుకుందామనీ అంటూ లేచి, చుట్ట లేని చేతిని అలవాటుగా జేబులో పెట్టుకుని గట్టు వైపు వెళ్ళిపోయారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మాట ఉండదని ఆయనకు నేను బొమ్మ గీసి మరీ చూపించాను. ఆయన ఆ బొమ్మను నమ్మలేదన్న సంగతి ఆ పూట అర్థమైంది. బలవంతపెట్టవలసిందేమోనని ఈనాటికీ అనిపిస్తుంది. కాని ఆయన ఆశను ఆయన ఎదుటనే విరిచే పని అది.

ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి తీసుకువచ్చిన రోజున మంచం పక్కన, తలవైపు గోడకు చెక్క చట్రం బిగించి, దానికి తెర అమర్చాను. అన్నగారు మొదట నీళ్ళ గడి నొక్కారు. టిక్కుమంది. 'దాహంగా ఉంది, దయచేసి మంచినీళ్ళు ఇవ్వండి' అంది ఆయన గొంతు. మా వదినగారు చటుక్కున పమిట సర్దుకుని నిలబడ్డారు. ఆ తరువాత నీళ్ళు తెచ్చి ఇస్తూ, "ఎవరో పెద్దమనిషి మనింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుందండి" అన్నారు. అన్నగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని కొంచెం ఆలస్యంగా గ్రహించాను. నవ్వుకు శబ్దం లేదు.

మిగిలిపోయిన గడి నన్ను బాధించింది. పదకొండు గడులు పలికి ఒకటి పలకకపోవడం క్రమం కాదు. కంప్యూటరు తయారుచేసే తెలుగు గొంతు ఒకటి ఉంది, దానితో పిలిపిద్దామా అని వినిపించాను. అది ఎవరో యువతి గొంతు. అన్నగారు చెయ్యి అడ్డంగా ఊపారు. ఇక మిగిలింది నా గొంతు. నా గొంతుకూ ఆయన గొంతుకూ పోలిక ఉందని బంధువులు అంటారు. ఆ మాట చెప్పబోయి ఆగిపోయాను. వదిన తల్లితో సమానం. ఆమెను నేను ఏమేవ్ అని పిలవడమా? అటువంటి మాట నా గొంతుతో ఆ ఇంట్లో ఎలా వినిపిస్తుంది? అన్నగారు నా ముఖం చూసి సంగతి పసిగట్టారు. నా చేతి మీద మెల్లగా తట్టి వదిలేశారు. గడి ఖాళీగానే ఉండిపోయింది.

తరువాత నేను వెళ్ళినప్పుడు ఒక విషయం గమనించాను. అన్నగారు మాటిమాటికీ ఆ ఖాళీ గడినే నొక్కుతున్నారు. టిక్కుమంటుంది, ఏమీ పలకదు. స్పర్శ మళ్ళీ తప్పిందని నా నిర్ణయం. వాడుక మీద ఈ రకం తెరలకు అది జరుగుతుంది. పక్కన ఉన్న ఇంకేదో గడి నొక్కబోతే వేలు ఖాళీ గడి మీద పడుతున్నదనుకున్నాను. కూడిక గుర్తుల ప్రోగ్రాము తెరిచి, ఆయన చేతనే నాలుగు మూలలూ తాకించాను. ఓపికగా తాకారు. సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నేను స్క్రూడ్రైవరు సంచీలో పెట్టుకుంటూ ఉండగా ఆయన మళ్ళీ అదే గడి నొక్కారు.

నేను ఇంకా మాట్లాడకముందే మా వదినగారు వంటింట్లోంచి వచ్చారు. చేతులకు శనగపిండి. కొంగుకు తుడుచుకుంటూ మంచం పక్కన నిలబడి, "ఏంటండీ" అన్నారు. అన్నగారు నన్ను చూపించి, నోటి దగ్గర గ్లాసు ఎత్తినట్టు చెయ్యి పెట్టారు. నాకు కాఫీ ఇవ్వలేదని.

ఆమె లోపలికి వెళ్ళాక వెనకే వెళ్ళి అడిగాను. మాట రాని ఆ గడి ఆమెకు ఎలా అర్థమవుతున్నదని.

"టిక్కుమన్నాక మాటొస్తే ఆ మాట పనండి. నీళ్ళంటే నీళ్ళు. ఏం రాలేదంటే నన్నేనండి" అన్నారు, పాలు పొయ్యి మీద పెడుతూ. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు చూశారు.

ఆమె అన్న ఆ చిన్న విరామాన్ని ఆ తరువాత నేనూ విన్నాను. టిక్కు వినగానే ఆమె గరిటె ఆపుతారు. మాట వస్తుందేమోనని ఒక ఊపిరి కాలం చూస్తారు. రాకపోతే బయలుదేరతారు. అన్నగారు అర్జీ గడులను దాదాపు మానేశారు. ఖాళీ గడి నొక్కుతారు, ఆమె వస్తారు, తక్కినది కళ్ళతోనో చేతితోనో అయిపోతుంది. కొన్నిసార్లు ఆమె వచ్చాక ఏ పనీ చెప్పకపోవడం కూడా చూశాను. పని లేకుండా పిలవనన్న మనిషే. ఆమె కూడా ఎందుకని అడగలేదు. మంచం పట్టె మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకున్నారు. ఆ గడిని నింపే ప్రస్తావన నేను మళ్ళీ తేలేదు.

చెరకు నరికే రోజులు వచ్చేసరికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టరు ఆపరేషను మాట ఎత్తలేదు. అన్నగారు మెత్తగా చేసిన ఆహారం తప్ప మింగలేకపోయారు. వదినగారు అన్నమూ ఉడికించిన కూరముక్కలూ మిక్సీలో వేసి, నీళ్ళలా చేసి, చెంచాతో పట్టేవారు.

ఆయన పోయిన పూట నేను అక్కడ లేను. ఫోను వస్తే రాజమండ్రిలో బస్సెక్కి వెళ్ళాను. తరువాత మా వదినగారు చెప్పినదే నాకు తెలుసు. పొద్దున్న ఆమె వంటింట్లో మిక్సీ తిప్పుతున్నారు. అది పాత మిక్సీ. తిరుగుతుంటే వీధిలో లారీ ఆగినట్టుంటుంది. ఆపి, గిన్నెలోకి వంపుకుని మంచం దగ్గరకు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన కుడిచెయ్యి చెక్క చట్రం మీద వాలి ఉంది. వేలు తెరను తాకి ఉందో, తాకబోయి జారిందో ఆమె చూడలేదు. గిన్నె కింద పెట్టి ముందు ఆ చెయ్యే పట్టుకున్నారు.

వారికి సంతానం లేనందున కర్మ నేనే చేశాను. ఆ రోజుల్లోనే పైన చెప్పిన మాట పుట్టింది. చూడవచ్చినవారు పెట్టెను కూడా చూశారు. నాకు దాన్ని విప్పే తీరిక లేక అలాగే వదిలేశాను, కరెంటు కూడా తీయలేదు. ఒక మధ్యాహ్నం నేను పురోహితుడితో మాట్లాడుతూ ఉండగా, దూరపు బంధువు ఒకరు కుతూహలం కొద్దీ తెర మీద ఆ ఖాళీ గడిలో వేలు పెట్టారు. టిక్కుమంది. ఏమీ పలకలేదు. ఆయన నిరాశగా వేలు తీసుకున్నారు.

లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని ఉన్న మా వదినగారు లేచారు. ఆ ఆడవాళ్ళెవరూ ఆపలేదు, ఆమె ఎందుకు లేచారో వాళ్ళకు తెలియదు. గుమ్మం దాకా వచ్చారు. చేతులకు తడి లేదు, అయినా కొంగుకు తుడుచుకుంటూనే వచ్చారు. మంచం ఖాళీగా గోడకు నిలబెట్టి ఉంది. ఆమె పెదవి కదిలి ఆగింది. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను. కంప్యూటరును ఒక పద్ధతిలో ఆపకుండా అలా పీకరాదని నా విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను.

అందరూ వెళ్ళిపోయిన తరువాత, నేను చట్రం మరలు విప్పుతుంటే ఆమె వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"మరిదిగారూ, ఒక్కటి అడుగుతానండి. ఆ పొద్దున్న మిక్సీ మోతలో నాకేం వినపళ్ళేదు. నొక్కారంటారా? మీ మిషన్లో తెలుస్తుందాండి?"

ఏ గడిని ఎప్పుడు నొక్కారో వ్రాసిపెట్టుకునే నాలుగు వాక్యాలు ప్రోగ్రాములో చేర్చడం నాకు పెద్ద పని కాదు. చేర్చలేదు. ఇంట్లో మనిషి ఎన్నిసార్లు నీళ్ళడిగాడన్నది లెక్క ఉంచవలసిన విషయమని నాకు తోచలేదు.

"తెలియదు వదినా. అది ఏదీ గుర్తుపెట్టుకోదు" అన్నాను.

"ఏదీనా?"

"ఏదీ."

ఆమె నేల మీది మరల వైపు వంగారు. వాటిని ఒక్కొక్కటిగా ఏరి నా చేతిలో పెట్టారు.

"పోన్లెండి. నొక్కారంటే నేను రాలేదని ఉంటాది. నొక్కలేదంటే పిలవలేదని ఉంటాది. తెలీకపోవడమే నయం."

తెరనూ బోర్డునూ తెచ్చి రాజమండ్రిలో నా బల్ల సొరుగులో, పిన్నులు వంగకుండా మందపాటి అట్టలో చుట్టి పెట్టాను. దాని జ్ఞాపకమంతా గోరంత కార్డులో ఉంటుంది. ఆ కార్డును తీసి చూడలేదు. నా ప్రోగ్రాము స్పర్శలను నమోదు చేయదని నాకు నిశ్చయంగా తెలుసు. అయితే ఇటువంటి బోర్డులు తమ పని తాము సాగించుకోవడానికి లోపల ఏవేవో వ్రాసుకుంటూ ఉంటాయి. వాటన్నిటినీ నేను ఎరుగుదునని చెప్పలేను. నా చదువు పాతకాలపుది. తెలియని చోట వెదకడం నా వృత్తి ధర్మం. ఈ ఒక్క చోట వెదకలేదు.

ఈ వ్రాతలో సాంకేతిక విషయాల్లో గాని, వైద్య విషయాల్లో గాని, మా ఊరివారికి గుర్తున్న సంగతుల్లో గాని పొరపాట్లు దొర్లి ఉంటే పాఠకులు సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. సరిదిద్దినదాన్ని తప్పక చేర్చుకుంటాను. ఆ బోర్డు ఏదీ గుర్తుపెట్టుకోదని మా వదినగారికి నేను ఇచ్చిన జవాబు కూడా తప్పు కావచ్చు. ఆ సంగతి తెలిసినవారు నాకు వ్రాయండి. ఆమెకు మాత్రం చెప్పకండి.